విశాఖలో మా బావ వెనకాల ఎక్కిన మేడలు

నేను విశాఖపట్నం వెళ్ళి బార్లలో కూర్చున్నానని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. నా ఎదురుగా అనే దమ్ము ఎవడికీ లేదు. బస్సు దిగిన రోజునుంచీ వెనకాలే అంటున్నారు. వాళ్ళ నోటికి శ్రమ తగ్గుతుందని నేనే రాసి పెడుతున్నాను. అవును, కూర్చున్నాను. ఒక తోటలో, రెండు మేడల మీద. ఒకచోట ఎంగిలి గ్లాసు ఎత్తి వాసన కూడా చూశాను. ఎందుకు చూశానో చదివి అప్పుడు మాట్లాడండి.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. సంతలో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నాను. అందుకే ఏ కాగితాన్నయినా వెనక్కి తిప్పి చూసే అలవాటు నాకు. మనుషుల్నీ అంతే. తెల్లవాళ్ళ రోజుల్లో కల్లు దుకాణం ముందు పికెటింగుకి నిలబడి దెబ్బ తిన్న భుజం ఇది. మబ్బు పట్టిందంటే ఇప్పటికీ లాగుతుంది. తరవాత మనవాళ్ళొచ్చి తాగుడు మానిపించారు. ఆ మనవాళ్ళే మళ్ళీ దుకాణాలు తెరిపించారు. ఎందుకయ్యా అంటే ఖజానా అన్నారు. నేనేదీ మరచిపోలేదు.

గాజువాక అవతల స్టీలు ప్లాంటుకి పునాదులు తవ్వుతున్న రోజులు. నా చెల్లెలు సూరీడమ్మ మొగుడు పోర్టులో క్రేను నడిపి కిందటేడే రిటైరయ్యాడు. ఫాల్గుణంలో చెల్లి కబురు పెట్టింది. "అన్నియ్యని ఓసారి రమ్మను. ఉగాది దాకా ఆగొద్దను." అంతే. పండక్కి రమ్మనే పిల్ల పండగ ముందే రమ్మందంటే అందులో ఏదో ఉంది. పనసకాయ ఒకటి కోయించి బస్సెక్కాను.

బస్సులో

దారి పొడుగునా జీడితోటల పూత వాసన. మామిడి అప్పుడే పిందె కడుతోంది. పక్క సీట్లో మా పొరుగూరి కుర్రాడే తగిలాడు. ఆటోనగర్‌లో వెల్డింగు షాపులో పనట. కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకున్నాడు, ఎండ కళ్ళలో పడుతున్నా కిందకి దించడు.

"ఎక్కడికి తాతా?"

"చెల్లి ఇంటికి."

"పనసకాయ పట్టికెల్తన్నావంటే సెల్లి ఇంటికే గాని కోర్టుకెల్తావేటి," అని నవ్వాడు. తరవాత అడగకుండానే పట్నం గొప్పలు ఎత్తుకున్నాడు. "ఇప్పుడు విశాపట్నంలో పొద్దు గూకితే కింద ఎవుడూ ఉండడు తాతా. అందరూ మేడల మీదే. కుర్సీలు, రంగు లైట్లు, సముద్రం గాలి. ఎండలు ముదిరేదాకా సల్లగా కూకుని సల్లగా తాగడమే."

"తాగనివాడు?"

"తాగనోడు మేడెందుకెక్కుతాడు?"

ఆ మాట నాకు నచ్చింది. నేనైనా అదే అడిగేవాణ్ణి. వాడు దిగేటప్పుడు నా చేతిలో వేరుశనగకాయలు పోసి వెళ్ళాడు. ఊరికే ఎందుకిచ్చాడా అని కాసేపు ఆలోచించి, తర్వాత తిన్నాను.

పూర్ణా మార్కెట్ వెనక సందు

మా చెల్లిది పెంకుటిల్లు. రెండు గోడల మధ్య ఇరుకుగా మొదలై వెనక్కి పొడుగ్గా సాగిపోయే పెరడు, చివర నుయ్యి. పోర్టులో ఓడలకెత్తే ఇనపరాయి ధూళి ఆ పేటంతా ఎర్రగా పేరుకుంటుంది. ఆరేసిన పంచె మడత పెట్టేలోగా కావిరంగు తిరుగుతుంది. మా ఊళ్ళో వాకిట్లో పేడనీళ్ళు చల్లితే పూటంతా నిలుస్తుంది. ఇక్కడ తుడిచిన అరుగుని గంటకోసారి తుడవాలి. ఆ తుడుపులోనే మా చెల్లి సంసారం చేసుకొచ్చింది.

నీళ్ళిచ్చి, పనసకాయ లోపల పెట్టి, నా ముందు కూలబడింది.

"అన్నియ్యా, మీ బావ సాయంత్రమయ్యేసరికి బయల్దేరి ఎలిపోతన్నాడు. దీపాలెట్టిన తరవాత వొత్తాడు. ఎక్కడికెల్లేవంటే సెప్పడు."

"తాగి వస్తన్నాడేటి?"

"సోడా వాసనొత్తాది."

"సోడాకి వాసనేటే?"

"అదే నానూ అంటన్నాను. వొట్టి సోడాకి ఇంత ముస్తాబై ఎల్తాడేటి? తల దువ్వుకుని మరీ ఎల్తన్నాడు."

అప్పుడే గుమ్మంలోకి ఎర్రమ్మ వచ్చింది. జాలరిపేట నుంచి చేపలు తెచ్చి ఈ సందులన్నీ తిరుగుతుంది. గంప దించుతూనే మా మాటలో దూరిపోయింది.

"నాను కళ్ళారా సూసేను బాబూ. ఆ కొత్త లాడ్జీ మేడ మీద బారుంది కాదేటి, అక్కడ పిట్టగోడ కాడ కూకున్నాడు. కూకుని అటేపు మేడకేసి వేళ్ళు తిప్పతన్నాడు. అటేపు మేడ మీద తెల్లబట్టొకటి ఆనింది నాకు."

"ఆడదేనా?"

"దూరం బాబూ. తెల్లబట్టయితే సూసేను. వొంజరం తీసుకుంతావా సూరీడమ్మా, నేదా? ఎండెక్కిపోతంది."

చెల్లి చేప తీసుకుంది. బేరం ఆడలేదు. అప్పుడు తెలిసింది నాకు, దాని మనసెంత చెడిందో.

ఎర్రమ్మ వెళ్ళాక మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగి చూపించింది. తాడేసి కట్టి ఉంది. "నువ్వెల్లి సూసి సెప్పు. నిజమే అన్నావంటే నీ ఎనకే బండెక్కీసి వొచ్చెత్తాను. మరింక ఈ గుమ్మం తొక్కను. నాలుగు మాటలనిపించుకుని పడుండీ వొయసు దాటిపోయేను." ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి ఊరుకునేవాణ్ణేమో. ఇప్పుడు దాని సంసారం ఉండటమా పోవడమా అన్నది నా నోటి మీద పెట్టింది.

మధ్యాహ్నం బావ వచ్చి నన్ను చూసి, "వొచ్చేవా బావా," అన్నాడు. మొదటినుంచీ మాట తక్కువ మనిషే. ఒకప్పుడు పోర్టు చూద్దామని వస్తే వేలెత్తి పైకి చూపించారు. ఆకాశంలో అద్దాల గూడు, అందులో కాకంత మనిషి. పొద్దున్న నిచ్చెనెక్కితే సాయంత్రానికి దిగేవాడు. అలాంటి మనిషికి తల దువ్వుకుని వెళ్ళే చోటు ఏమిటా అని నేనూ అనుమానపడ్డాను.

తోటలో, వేరే మనిషి వెనకాల

ఆ సాయంత్రమే వెంటపడ్డాను. బావది పోర్టు వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా. ఆ పేటలో రిటైరైనవాడల్లా దాన్నే చిరిగేదాకా తొడుగుతాడని నాకేం తెలుసు? మార్కెట్ జనంలో ఖాకీ వీపు ఒకటి పట్టుకుని నడిచాను, నడిచాను, బీచి రోడ్డు దాకా నడిచాను. అది బాదంచెట్ల కింద తోటలోకి దూరింది. నేనూ దూరాను. ఆ వీపు తిరిగి చూస్తే మీసాలున్న మొహం. మా బావకి మీసాలే లేవు.

వెంటనే తిరిగి వెళ్ళిపోతే అనుమానిస్తారు. ఒంటరిగా వచ్చి ఏమీ తాగకుండా వెళ్ళిపోయే ముసలాణ్ణి నేనైనా అనుమానిస్తాను. కూర్చున్నాను. చుట్టూ రేకు బల్లలు, చెట్టుకి చుట్టిన రంగు బల్బులు, పండుటాకు రాలి గ్లాసులో పడితే తీసి పారేసి తాగే జనం. ఆఫీసు గుమస్తాలు, స్టీలు ప్లాంటు కంట్రాక్టర్లు, పడవల యజమానులు. ఉడకబెట్టిన శనగల మీద ఉల్లిపాయ చల్లి మన సంతలో ఒకప్పుడు అణాకి దోసెడు పెట్టేవాళ్ళు, ఇక్కడ చిన్న సాసరులో పెట్టి రెండు రూపాయలన్నారు. ఎవరు కట్టిన రేటని అడిగితే, "గాలికి కూడా కలిపి సార్," అన్నాడు తెచ్చినవాడు. గాలికి వెల కట్టడం తెల్లదొరలకి కూడా తోచలేదు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. గాలి మంచి గాలి. దక్షిణం నుంచి పైరగాలి తిరిగింది. పక్క బల్లలో ఒకతను ఆఫీసరు మీద కోపమంతా సగం గ్లాసుతో దించుకుని, మిగతా సగం ముందు పాట పాడుకుంటున్నాడు. మన కళ్ళాల దగ్గర పని అయిపోయాక మనమూ ఇలాగే కూర్చుంటాం. మనకి బల్బులుండవు, బిల్లు ఉండదు. అంతే తేడా అనుకుని, వెంటనే అలా అనుకున్నందుకు నామీద నేనే చిరాకుపడి లేచాను.

కొత్త లాడ్జీ మేడ

మర్నాడు జాగ్రత్త పడ్డాను. బావ కన్నా ముందే వెళ్ళి లాడ్జీ మేడ మీద నీళ్ళ ట్యాంకు చాటున కూర్చున్నాను. బల్లలు తుడుస్తున్న మనిషి పేరు ప్రకాశం. మెడలో చిన్న శిలువ, నడుముకి తువ్వాలు.

"ఏటి తెమ్మంటావు మామా?"

"సోడా."

"సోడాలోకి?"

"సోడాలోకి సోడాయే."

"నీలాటోడు ఇంకొకాయనొత్తాడు మాకు," అన్నాడు. నేను చెవులు రిక్కించాను. అంతలో బావ వచ్చాడు. పిట్టగోడ పక్క బల్ల దగ్గరికి అలవాటుగా నడిచి, కుర్చీ తిప్పి వేసుకుని, బజారు అవతలి మేడకేసి కూర్చున్నాడు. అడక్కుండానే గ్లాసు, వేపిన చేపముక్కల ప్లేటు వచ్చాయి. పరిచయం చూశారా!

చుట్టూ మేడలన్నీ కనిపిస్తున్నాయి. కొన్నింటి మీద ఆడవాళ్ళు వడియాలెత్తి చాటల్లో పోసుకుంటున్నారు. కొన్నింటి మీద మగవాళ్ళు కుర్చీలు వేసుకుంటున్నారు. ఎండలు ముదిరేదాకా ఈ పట్నంలో మేడకి రెండు కాపరాలు, పగలొకటి సాయంత్రమొకటి. దూరంగా యారాడ కొండ, దాని కొమ్మున దీపస్తంభం. లంగరేసిన ఓడల మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

అవతలి మేడ మీద తెల్లబట్ట కనిపించింది. కూర్చున్న మనిషి. పిట్టగోడ నడుము దాకా అడ్డం, ఆ దూరానికి మొహం తెలియదు. బావ చెయ్యెత్తాడు. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పాడు, మెల్లగా, దాని మీద రెండో అరచెయ్యి పట్టి. అటువైపు రెండు చేతులు పొట్ట ముందు ముడుచుకున్నాయి. బావ మళ్ళీ వేలు తిప్పాడు. మళ్ళీ ముడుచుకున్నాయి. నా ఒళ్ళు మండింది. ఈ వయసులో, నడిబజారు మీదుగా, వేళ్ళతో!

దీపాలెట్టే వేళకి బావ దిగిపోయాడు. గ్లాసులో అడుగున కొంత మిగిలింది. నాకు సాక్ష్యం కావాలి. బల్ల దగ్గరికెళ్ళి గ్లాసు ఎత్తి వాసన చూశాను. వాసన లేదు. ప్రకాశంతో కుమ్మక్కై వాసన రాని సరుకేదైనా తాగుతున్నాడేమో అని నాలిక మీద చుక్క వేసుకున్నాను. వట్టి సోడా.

"తాతా!"

వెనక్కి తిరిగితే బస్సులో కుర్రాడు, ఆటోనగర్ వాడు, నలుగురు స్నేహితులతో. కళ్ళద్దాలు ఇప్పటికీ నెత్తి మీదే. "ఒకరి ఎంగిలి గ్లాసు ఎత్తుకుంతావేటి తాతా! నన్నడిగితే పోయించనా? పొరుగూరోడివి, పరాయోడివేటి?" స్నేహితులు బల్ల మీద చేతులు కొట్టి నవ్వారు. నేనేం చెప్పినా వాళ్ళు నమ్మరు. ఊళ్ళో మీకు మాట అందింది ఆ నోటినుంచే.

తెల్లబట్ట ఇల్లు

బావ సోడా తాగాడన్నంత మాత్రాన నేను వదలను. తాగుడు కాకపోతే రెండోది. మర్నాడు పొద్దున్నే బజారు దాటి ఆ ఇంటి తలుపు తట్టాను. నర్సు బట్టల్లో ఒకమ్మాయి తీసింది.

"మేడ మీద సాయంత్రాలు కూచుంటారే, వాళ్ళు?" అన్నాను, గొంతు గట్టిగా పెట్టి.

"నాన్నగారా? రండి," అంది.

లోపల తెల్ల పంచె, తెల్ల జుబ్బాతో ఒక ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు. గోడ మీద శిలువ, దాని పక్కన పూలదండ వేసిన ఒకావిడ ఫోటో. యాకోబు గారట, పోర్టులో సిగ్నల్‌మేన్ చేసేవారట. నేను ఫలానా క్రేను ఆపరేటరు భార్యకి అన్ననని చెప్పాను. ఆయన నావైపు చూసి రెండు చేతులూ పొట్ట ముందు ముడిచాడు. నేను నమస్కారమనుకుని నమస్కారం పెట్టాను.

అమ్మాయి బయటికొచ్చి మెల్లగా అంది: "క్రిస్మస్‌కి ముందు అమ్మ పోయిందండీ. అప్పట్నుంచి నాన్న ఎవరితోటీ మాటాడరు. పాస్టరుగారొచ్చినా అంతే. సాయంత్రం మాత్రం ఎవరూ సెప్పకుండానే మేడెక్కుతారు. గాలికనుకుంటన్నాం."

మెట్లు దిగుతుంటే నా కోపానికి కూర్చునే చోటు దొరకలేదు. అలాగని అనుమానం పోలేదు. ఆడది లేదు, మందు లేదు. మరైతే ఇంట్లో పెళ్ళానికి చెప్పడానికి ఏం రోగం?

రెండో మేడ

ఆ రోజు లాడ్జీ పక్కింటివాళ్ళు ఇంకో అంతస్తు లేపడానికి వెదుళ్ళు కట్టారు. పిట్టగోడ దగ్గరినుంచి యాకోబు మేడ కనిపించదు. బావ కిందికి దిగి, బజారు చివర ఇంకొక మేడ బారు ఎక్కాడు. నేను దాక్కోవడం మానేశాను. వెళ్ళి ఎదుటి కుర్చీలో కూర్చున్నాను.

బావ ఉలిక్కిపడలేదు. "ఎంగిలి గ్లాసు రుసి సూసేవంట కాదేటి," అన్నాడు. ప్రకాశం చెప్పేశాడన్నమాట.

"సూసేను. ఇప్పుడు నువ్వు సెప్పు."

ఓడలకేసి తిరిగాడు. ఆ తరవాత మాట్లాడాడు. నాకు తెలిసి ఆయన అంత మాట్లాడటం అదే.

"నానూ యాకోబూ ముప్పై యేళ్ళు కలిసి పనిసేసేం బావా. ఆడు కింద ఓడ కాడ, నాను పైన గూట్లో. గాలికి మాటినబడదు. అన్నీ సేతుల్తోనే. ఎత్తు, దించు, అటు తిప్పు, ఆపు. ఆడి సెయ్యి తప్పితే కింద కళాసీ సచ్చిపోతాడు. నా కన్ను తప్పినా అంతే. ఆడి పెళ్ళాం పోయిందని పలకరించడానికెల్లేను. ఎదురుగా కూకున్నాం. ఆడు నోరిప్పలేదు, నానూ ఇప్పలేదు. టీ సల్లారిపోయింది, లేచొచ్చీసేను. దగ్గర కూకుంటే మాకు మాటలు రావు బావా. మజ్జిన ఎడం ఉండాల. మర్నాడు బజార్లో తలెత్తితే ఆడు మేడ మీదున్నాడు. కిందనుంచి సెయ్యెత్తితే ఆడికి ఆనదు. నాది పెంకుటిల్లాయె. అందుకని ఇదెక్కేను."

"ఆయన చేతులు ముడుస్తన్నాడు కదా, అదేటి?"

"అన్నీ ఆపీమని. పెద్దగాలొచ్చినప్పుడు సెప్తాం. ఎత్తకు, దించకు, ఎక్కడున్న బరువక్కడ ఒగ్గీమని. మొదట్నుంచీ ఆడు సెప్పేదదొక్కటే."

"నువ్వేమంటన్నావు?"

రెండో అరచేతి కింద వేలు తిప్పి చూపించాడు. "నెమ్మదిగా ఎత్తు."

"రోజూ ఇదే మాటేటి?"

"ఇదే మాట. నిన్న మాత్రం ఆడు ముడిసిన సేతులు కాసేపు ఇప్పేడు."

"ఇంత మాట నా చెల్లితో చెప్పడానికేం?"

"బారుకెల్లి సోడా తాగి వొత్తన్నానంటే నమ్ముద్దేటి? నువ్వు నమ్మేవేటి?"

ఇప్పుడు నమ్ముతున్నానన్నాను. ఆయన ముందున్న గ్లాసు ఇంకోసారి వాసన చూశాను, అది వేరే సంగతి. తర్వాత నాకూ ఒక సోడా, పచ్చిమామిడి ముక్కల మీద ఉప్పూకారం చల్లించి తెప్పించాడు. పొద్దు పడమటి కొండల వెనక్కి జారింది. ధూళిలో ఎరుపు కలిసి పట్నమంతా కుంపట్లా వెలిగింది. ఈ సుఖం కోసమా జనం మేడలెక్కుతున్నారు అనుకున్నాను. ఎక్కనీ. వెల మాత్రం అన్యాయం.

నా తీర్పు, దాని మీద చెల్లి తీర్పు

తెల్లవారాక చెల్లికి చెప్పాను. తాగుడు లేదు, ఆడది లేదు, ఉన్నదంతా ఇదీ అని ఉన్నదున్నట్టు చెప్పాను. ట్రంకు తాడు విప్పుతుందనుకున్నాను. అది చీపురు పక్కన పెట్టి కూర్చుంది.

"తాగుబోతైతే మత్తులో మాటాడలేదనుకుందును. ఇంకొకర్తి ఉంటే అది పెట్టిన మందనుకుందును. ఒళ్ళెరిగుండే నాతో మాటాడలేదన్నమాట. ఉప్పు నేదంటే ఊఁ అనడు, కడుపు నొప్పంటే ఆఁ అనడు. బజారవతల మనిషికి మాత్రం రోజూ తల దువ్వుకుని ఎల్లి సెప్పొత్తన్నాడు. ఇది మరీ అన్నేయం కాదేటి అన్నియ్యా?"

నేను తెచ్చిన మంచి కబురు నా చేతిలోనే చెడిపోయింది. మర్నాడు బండికే ఇద్దరం బయల్దేరాలంది. అంతకుముందు ఆ మేడ తన కళ్ళతో చూడాలంది. "ఏ మేడెక్కితే మీ బావకి నోరొత్తందో అది సూసి మరీ ఎల్తాను."

ఆడవాళ్ళెక్కని మెట్లు

సాయంత్రం చెల్లి నేత చీర కట్టుకుని ముందు నడిచింది. బజారు చివర బారు మెట్ల దగ్గర మేనేజరు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, ఆడోళ్ళు పైకి రారమ్మా."

"మరి కింద ఎంతమందున్నారో సూసేవేటి? మొగుళ్ళందరూ పైనుంటే కింద ఉండీది మేమే కాదేటి. తప్పుకో బాబూ."

తప్పుకున్నాడు. మేడ మీద గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. ఒకాయన సీసా బల్ల కిందికి దించాడు, తన తల్లే వచ్చిందన్నట్టు. బావ లేచి నిలబడ్డాడు. చెల్లి ఆయన కుర్చీలో కూర్చుని అవతలికి చూసింది. తెల్ల జుబ్బా మనిషి చేతులు పొట్ట ముందు ముడుచుకుని ఉన్నాడు.

"ఆయనేనా?"

"ఊఁ."

"తిన్నాడా అని అడుగు."

బావ చేతులు లేచి మధ్యలో ఆగిపోయాయి. "దానికి గురుతు నేదు."

"ముప్పై యేళ్ళు ఊసులాడుకున్నారు, అన్నానికి గురుతు నేదేటి?"

"అన్నానికి సైరనూదీవోరు. గురుతెందుకు?"

చెల్లి నాకేసి చూసింది, బావకేసి చూసింది. లేచి పిట్టగోడ మీద చేతులానించి, చేపలమ్మే ఎర్రమ్మకి కూడా లేని గొంతుతో కేకేసింది.

"ఓ యాకోబన్నా! వొంజరం పులుసు కాసేను! మా ఇంటికొచ్చి రెండు ముద్దలు తినెల్లు!"

బజారంతా తలెత్తింది. వెనకాల మేడ మీద వడియాలెత్తుతున్న ఆడవాళ్ళు చాటలు పట్టుకునే నిలబడిపోయారు. యాకోబు బావకేసి చూశాడు. ముప్పై యేళ్ళ అలవాటు, వారిద్దరిలో ఒకరు చెప్పకుండా రెండోవాడు కదలడు. బావ వేలు పైకెత్తి తిప్పాడు. ఈసారి రెండో చెయ్యి అడ్డం పెట్టలేదు. అవతల ముడుచుకున్న చేతులు విడిపోయాయి. మనిషి లేచాడు. మరుక్షణం మేడ ఖాళీ. దిగి వస్తున్నాడో, లోపలికెళ్ళి పడుకున్నాడో తెలియదు. మేం మెట్లు దిగేసరికి రబ్బరు చెప్పుల్తో బజారు దాటి వస్తున్నాడు. కూతురు వెనకాల పరుగెడుతోంది.

పెరట్లో

ఇద్దరికీ పక్కపక్కన ఆకులేసి కూర్చోబెట్టాం. బావ చెప్పినట్టే జరిగింది. ఇద్దరూ ఆకులకేసి చూస్తారు, ముద్ద కలుపుతారు, మింగుతారు, మాటే లేదు. యాకోబు కూతురూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఇంత చేసి ఇంతేనా అనిపించింది.

చెల్లి గిన్నె కింద పెట్టింది. యాకోబు ఆకు, నీళ్ళచెంబు రెండూ ఎత్తుకుపోయి పెరడు చివర నూతి దగ్గర పెట్టి, పీట వేసింది. "అన్నా, నువ్విక్కడ కూకో." బావని వసారా గడప దగ్గరే ఉంచింది. పొడుగు పెరట్లో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. అన్నం గిన్నె, పులుసు గిన్నె తెచ్చుకుని తాను నట్టనడుమ చతికిలబడింది.

"ఇప్పుడు మాటాడుకోండి. ఏటంటన్నారో నాకూ సెప్పాల."

కాసేపటికి ఆ చివర వేలు ఒకటి లేచి పక్కకి తిరిగింది.

"అదేటి?" అంది చెల్లి.

"పులుసు ఇంకొంచెం ఇటు తిప్పమంటన్నాడు," అన్నాడు బావ.

ఈ చివర అరచెయ్యి రెండుసార్లు కిందికి ఊగింది. ఆ చివర యాకోబు నవ్వాడు. చప్పుడొచ్చే నవ్వు కాదు, భుజాలు కదిలాయంతే. కూతురు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"అదేటి?"

"ముల్లుంది, నెమ్మదిగా దించమన్నాను."

"పులుసెలగుందో సెప్పుకోరేటి?"

"ఉప్పెక్కువయిందంటన్నాడు."

"ఆయనన్నాడా, నువ్వన్నావా?"

బావ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బావే అని ఉంటాడని నా అనుమానం. చెల్లి లేచి ఆయన ఆకులో ఇంకో గరిటె అన్నం వేయబోయింది. బావ అరచెయ్యి అడ్డం పెట్టాడు. పోర్టులో ఎంత బరువైనా ఆగిపోయేది ఆ చేతికి. చెల్లి వెనక్కి తగ్గలేదు, గరిటె గాల్లోనే పట్టుకుంది.

"నోటితో సెప్పు."

ఆయన నూతికేసి చూశాడు. యాకోబు చేతులు కదల్లేదు, సాయం రాలేదు. బావ గొంతు సవరించుకున్నాడు.

"సాలు, సూరీడూ."

ఆయన నోట మా చెల్లి పేరు నేను వినడం అదే మొదలు. దానిక్కూడా అంతేననుకుంటాను, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత ఆ గరిటెడు అన్నమూ ఆయన ఆకులోనే వేసేసి, నావైపు చూడకుండా అంది:

"అన్నియ్యా, రేపు బండికి నువ్వెల్లు."